చెన్నూరి ఎఱ్ఱరాతి సీమ

సెలవుదినములలో జనులు తమ యిండ్లు విడిచి క్రొత్త ప్రదేశములను చూడబోవుట లోకమున సర్వత్ర గల యాచారము. కొందఱు సముద్రతీరములకు పోవుదురు. కొందఱు చల్లని కొండలకు పోవుదురు. మఱికొందఱు ఎండయు రాయియు తప్ప వేఱేమియు లేనట్లు తోచు ఎఱ్ఱరాతి సీమలను కోరి పోవుదురు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఆరిజోనా రాష్ట్రమున సెడోనా అను చిన్న పట్టణము ఇట్టి విహారమునకు పేరుపొందినది. పట్టణము చుట్టును ఎఱ్ఱని యిసుకరాతి కొండలు కోటగోడలవలె నిలిచియుండును. జర్మనీ దేశమున జన్మించిన సుప్రసిద్ధ చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ 1946లో అచ్చటికి వచ్చి యిల్లు కట్టుకొని కొన్ని సంవత్సరములు నివసించెను. సెడోనాకు పోవు యాత్రికులు ముఖ్యముగా మూడు పనులు చేయుదురు. ఆ ప్రాంతపు వంటకములను రుచి చూతురు, కొండదారులలో కాలినడకన తిరుగుదురు, చిత్రశాలలను దర్శింతురు. నోటికిని, కాళ్లకును, కన్నులకును పని కలిగించిన యాత్రయే నిండైన యాత్ర.

ఇట్టి యెఱ్ఱరాతి సీమ యొకటి మన తెలంగాణమునందే కలదు. దానిని చూచుటకు సముద్రములు దాట నక్కఱలేదు. మంచిర్యాలనుండి తూర్పుగా సుమారు 40 కిలోమీటర్లు పోయినచో చెన్నూరు పట్టణము వచ్చును. ఇది పూర్వము ఆదిలాబాదు జిల్లాలో నుండెడిది. 2016లో మంచిర్యాల జిల్లా యేర్పడినప్పు డందులో చేరినది. చెన్నూరు గోదావరికి ఎడమగట్టున నున్నది. ఆవలిగట్టు పూర్వపు కరీంనగరు సీమ. తూర్పున ప్రాణహితా నది పాఱుచున్నది. వార్ధా, వైనగంగా నదుల సంగమమువలన పుట్టిన యీ ప్రాణహిత దక్షిణముగా వచ్చి కాళేశ్వరమువద్ద గోదావరిలో కలియును. ప్రాణహిత కావలిది మహారాష్ట్రమునకు చెందిన సిరోంచ ప్రాంతము. ఈ రెండు నదుల నడుమ నున్న నేలలో, వాగులు కోసిన గట్లయందును, వర్షములకు కరిగిన మిట్టలయందును, ఎఱ్ఱని బంకమన్నును ఎఱ్ఱని యిసుకరాయియు కానవచ్చును.

నే డిది యెడారి కాదు. టేకు అడవులు, ప్రత్తిచేలు, వరిమళ్లు, చెఱువులు గల ప్రాంతము. అయినను ఇచ్చటి రాళ్లు మిక్కిలి యెండ కాసిన యొక ప్రాచీనకాలమును జ్ఞప్తియందుంచుకొన్నవి. ఆ జ్ఞాపకమే వాని యెఱ్ఱదనము.

రాయి ఎఱ్ఱగా నుండుటకు కారణము ఇనుము. తడి తగిలిన ఇనుపమేకు కొన్నినాళ్లకు త్రుప్పుపట్టి ఎఱ్ఱబాఱుట విద్యార్థు లందఱును చూచియుందురు. ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలియుటచే ఆ త్రుప్పు పుట్టును. ఉష్ణదేశములలో కొన్నినెలలు వానలును కొన్నినెలలు తీవ్రమైన యెండలును కలిగినప్పుడు, మట్టిలోని ఇను మిట్లే మాఱి, ఒక్కొక్క యిసుకరేణువునకును ఎఱ్ఱని పూత పూయును. వానలు విడువక కురిసి, నేల యెల్లప్పుడును బురదగా నున్నచో గాలి లోనికి చొరదు. అప్పుడు ఎఱ్ఱరంగు పుట్టదు. అట్టి బురదలో పడిన చెట్లు కుళ్లి మట్టియైపోక క్రమముగా బొగ్గుగా మాఱును. మంచిర్యాల, మందమఱ్ఱి, శ్రీరాంపురము ప్రాంతములలో సింగరేణి సంస్థవారు త్రవ్వుచున్న బొగ్గు అట్టిదే. బొగ్గు పొరలు పాతవి. ఎఱ్ఱరాతి పొరలు వానికి తరువాతివి. కావున నల్లనిబొగ్గు మొదటి అధ్యాయముగను, ఎఱ్ఱరాయి తరువాతి అధ్యాయముగను గల యొక గొప్ప గ్రంథము ఈ లోయలో తెఱచి పెట్టబడియున్నదని చెప్పవచ్చును. తడిసీమ క్రమముగా ఎండసీమ యైన కథ యందు వ్రాయబడియున్నది.

ఆ గ్రంథ మెంత పాతదో తెలిసికొన్నచో ఆశ్చర్యము కలుగును. ఇచ్చటి యెఱ్ఱమట్టి పొరలలో కొన్ని సుమారు 24 కోట్ల సంవత్సరములనాటివి. ఆ కాలమున భూఖండము లన్నియు నొక్కటిగా కలిసియుండెను. భారతదేశము భూమధ్యరేఖకు దక్షిణమున, ఆఫ్రికా, అంటార్కిటికా ఖండముల ప్రక్కన నుండెను. ఆ దక్షిణభూమికి శాస్త్రజ్ఞులు గోండ్వానా అని పేరిడిరి. ఇది గోండులు నివసించు సీమ పేరు. ఆదిలాబాదు అడవులలో నేటికిని నివసించుచున్న గోండుల పేరు ఈ విధముగా ప్రపంచమందలి భూశాస్త్రగ్రంథములలోని కెక్కినది.

ఈ ప్రాంతమున రెండు బీటల నడుమ నేల క్రుంగిపోగా పొడవైన లోయ యేర్పడెను. ప్రాచీననదు లా లోయను ఇసుకతోను మట్టితోను పొరలు పొరలుగా నింపెను. శాస్త్రజ్ఞు లా పొరలకు సమీపగ్రామముల పేర్లే పెట్టిరి. ఎఱ్ఱపల్లి పొర, దానిపై భీమారము పొర, దానిపై మలేరి పొర, ఆపైన ధర్మారము పొర, అన్నిటికంటె పైన కోట పొర. మొదటి నాలుగును ఈ వైపు గ్రామముల పేర్లు. కోట యనునది ప్రాణహిత కావలిగట్టున నున్న గ్రామము. మంచిర్యాలనుండి చెన్నూరు వచ్చుదారిలో భీమారము తగులును. బస్సులో కూర్చుండి ఆ యూరి పేరును చదువువారిలో ఎందఱికి అది దేశదేశముల పండితుల నోట పలుకబడు పేరని తెలియును?

ఈ సీమలో కాలినడకన తిరుగుటకు కార్తీకమునుండి మాఘమువఱకు గల చలికాలము తగినది. వేసవిలో ఇచ్చటి యెండ దుస్సహము. వానకాలమున వాగులు పొంగును. ప్రాతఃకాలమున బయలుదేఱి ఎండ ముదిరిన పిమ్మట చెట్టునీడను చేరుట మంచిది. త్రాగునీరు, గట్టి చెప్పులు, తలపై గుడ్డ ఉండవలెను. దారి తెలిసిన యూరివారి నొకరిని వెంట తీసికొనిపోవలెను. పశువుల కాపరికి తెలిసినంత త్రోవ ఏ పటమునకును తెలియదు.

నడక చెన్నూరి గోదావరితీరమున ప్రారంభింపవచ్చును. ఆగ్నేయముగా సముద్రమువైపు పోవు గోదావరి ఇచ్చట ఉత్తరముగా తిరిగి పాఱును. అందుచే పెద్ద లీ తీర్థమును పంచక్రోశ ఉత్తరవాహిని యని కొనియాడుదురు. ఊరిలో అగస్త్యేశ్వరాలయ మున్నది. నదిలో లోతు తెలియనిచోట దిగరాదు. అచ్చటినుండి లోపలి గ్రామములవైపు పోయినచో వాగుగట్లు కానవచ్చును. వానిని తొందరపడక చూడవలెను. క్రింద ఎఱ్ఱని బంకమన్ను, దానిపై గట్టి యిసుకరాయి, మరల మన్ను, మరల రాయి. ఇసుకరాతిలో ఏటవాలుగా సన్ననిగీత లున్నచో అవి కోట్లయేండ్లనాటి నదీప్రవాహ మిసుకను త్రోసిన జాడలు. అట్టి గీతలే నేటి గోదావరి యిసుకతిన్నెను నిలువుగా కోసి చూచినను కనబడును. ప్రాచీననదిని అర్థము చేసికొనుటకు ఎదుటనున్న నదియే గురువు.

ఇంకను ఉత్తరముగా పోగలవారికి బెజ్జూరు అడవులలో పాలరాపు గుట్ట కలదు. 2013లో ఆ నిలువుకొండ చఱియలపై రాబందులు గూళ్లు కట్టుచున్నట్లు అటవీశాఖవారు గుర్తించిరి. పశువుల కిచ్చు డైక్లోఫెనాక్ అను మందు, చచ్చిన పశువుల మాంసముద్వారా రాబందులకు విషమై, దేశమంతట వానిని నాశము చేసెను. పశువైద్యమున ఆ మందును 2006లో నిషేధించిరి. నిలువురాయి ఒక పక్షిజాతికి కడపటి యాశ్రయమగుట చూచినప్పుడు, రాయి నిరుపయోగమని పలుకుట ఎంత తప్పో తెలియును.

నడచినవానికి ఆకలి కలుగును. ఈ సీమలో ఆకలి తీర్చు వంటకములు ఆడంబరము లేనివి, బలమైనవి. నీరు తక్కువైనను పండు ధాన్యము జొన్న. కావున జొన్నయే ఇచ్చటి పాత భోజనము. వేడినీటితో పిండి తడిపి, అఱచేతులతో తట్టి, పెనముపై కాల్చిన జొన్నరొట్టెతో పప్పుగాని కూరగాని తిందురు. జొన్నరవ్వతో గటుక వండుదురు. వేసవిలో అంబలి త్రాగుదురు. పచ్చిపులుసును కాచరు, చింతపండు రసములో ఉల్లి, మిరప, జీలకఱ్ఱ కలిపినచో చాలును. ఎండపూట నది యమృతతుల్యము.

సర్వపిండి అను వంటకము ఈ సీమవారికి మిక్కిలి ప్రియమైనది. దీనిని కొన్నియెడల గంజుపిండి యనియు గిన్నెప్ప యనియు అందురు. బియ్యపుపిండిలో నానిన సెనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కారము కలిపి, గంజు లోపలివైపున పలుచగా తట్టి, వ్రేలితో చిల్లులు చేసి, ఆ చిల్లులలో నూనె పోసి, మూతపెట్టి సన్నని సెగపై కాల్తురు. సంక్రాంతికి సకినములు చేయుదురు. వాము, నువ్వులు కలిపిన పిండిని గుడ్డపై చుట్లు చుట్లుగా చేతితో త్రిప్పి, ఆఱిన పిమ్మట నూనెలో కాల్తురు. అడవి గ్రామములలో వేసవి యారంభమున ఇప్పచెట్లక్రింద తెల్లవాఱుసరికి పూలు రాలియుండును. వాని నేఱి యెండబెట్టి తినుబండారములు చేయుదురు. తునికిపండ్లు, మొఱ్ఱిపండ్లు అడవి యిచ్చు ఫలహారములు.

భోజన ప్రసంగము వచ్చినది గనుక, ఈ సీమలో బయటపడిన యొక విచిత్రభోజనమును గూర్చి చెప్పవలెను. మలేరి పొరలయందు పారాసూకస్ అను జంతువుల అస్థిపంజరములు రెండు దొరకెను. ఇది మొసలివంటి పొడవైన మూతిగల ప్రాణి. సుమారు 22 కోట్ల సంవత్సరములక్రింద నదులలో నివసించెను. ఆ రెండు పంజరముల ప్రక్కటెముకల నడుమ, కడుపు ఉండవలసిన చోట, వేఱొక చిన్న ప్రాణి యెముక లుండెను. చిన్న ప్రాణిని పెద్దది మ్రింగి, అరుగకముందే మరణించి మట్టిలో పూడిపోయినది! ఆ చిన్న ప్రాణికి శాస్త్రజ్ఞుడు శంకర్ చటర్జీ 1980లో మలేరీసారస్ అని పేరిడెను. ఎవరు ఎవరిని తినిరో యిన్ని కోట్ల సంవత్సరముల తరువాత తెలియుట సామాన్యవిషయము కాదు. ఎముక లున్నచోటనే యున్నందున అది తెలిసినది. ఎవరైన ముందుగా వచ్చి ఆ చిన్న యెముకలను వింతగా నున్నవని యేఱుకొనిపోయియున్నచో ఆ కథ యెన్నటికిని తెలిసెడిది కాదు.

ఈ లోయలోని శిలాజములను గూర్చి విద్వాంసులకు తెలిసి నూటయేబది సంవత్సరములు దాటినది. నాగపూరులో నివసించిన క్రైస్తవబోధకుడు స్టీఫెన్ హిస్లాప్ పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఈ ప్రాంతపు శిలాజములను సేకరించెను. పారాసూకస్ జాతికి ఆయన పేరు చేర్చి పారాసూకస్ హిస్లోపీ అనుచున్నారు. 1881లో విలియం కింగ్ ప్రాణహితా గోదావరీ లోయ భూస్థితినిగూర్చి గ్రంథము వ్రాసెను. స్వాతంత్ర్యానంతరము కలకత్తాలోని భారత సంఖ్యాశాస్త్ర సంస్థను స్థాపించిన మహలనోబిస్ ఈ పరిశోధనకు పూనుకొనెను. ఆయన యాహ్వానముపై 1957లో ఇంగ్లండునుండి పమేలా రాబిన్సన్ అను విదుషి వచ్చి, భారతీయ యువశాస్త్రజ్ఞులకు శిలాజవిద్య నేర్పెను. మలేరీసారస్ జాతులలో నొకదానికి ఆమె పేరు పెట్టిరి.

ఆ కృషి గొప్పఫలము నిచ్చెను. ప్రాణహితలోయలో పోచంపల్లి యను గ్రామముకడ కోట పొరలయందు మహాజంతువుల యెముకలు బయటపడెను. ఇది పట్టుచీరల పోచంపల్లి కాదు. సుమారు మూడువంద లెముకలు, పెద్ద చెట్ల మ్రానులతో కలిసి, ఒకేచోట నుండెను. ఒక్క తొడయెముకయే మనిషి నిలువెత్తు ఉండెను. త్రవ్వకము సాగిన 1961 రవీంద్రనాథ టాగూరు శతజయంతి సంవత్సరము. అందుచే 1975లో ఆ రాక్షసిబల్లికి బారాపాసారస్ టాగోరీ అని నామకరణము చేసిరి. బారాపా యనగా వంగభాషలో పెద్దకాలు. దాని పంజరము కలకత్తాలో ఆ సంస్థయందు నిలుపబడియున్నది.

ఇంకొక రాక్షసిబల్లి మన రాష్ట్రమునందే యున్నది. వేమనపల్లి మండలమందలి యామనపల్లికడ భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన యాదగిరి యను శాస్త్రజ్ఞుడు కనీసము పండ్రెండు జంతువుల యెముకలను గుర్తించెను. దానికి 1988లో కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరిడిరి. ఒక చిన్న గ్రామము పేరు ఒక మహాజంతువు పేరుగా నిలిచినది. సుమారు తొమ్మిది మీటర్ల పొడవుగల దాని పంజరమును హైదరాబాదులో బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలయందు చూడవచ్చును. నౌబత్ పహాడు మెట్లెక్కి దానిని చూచిన బాలురు, అది ఏ విదేశమునుండియో తెచ్చినదనుకొందురు. అది ప్రాణహిత యొడ్డున, ఇప్పటి ప్రత్తిచేల క్రింద పడుకొనియుండినది.

ఎఱ్ఱరాతి సీమలో మూడవదగు చిత్రదర్శనమునకు గోదావరి దాటి భూపాలపల్లి జిల్లాకు పోవలెను. త్రోవలో కాళేశ్వరము వచ్చును. అచ్చటి యాలయమున ఒకే పానవట్టముపై రెండు శివలింగము లుండుట విశేషము. అటుపిమ్మట రేగొండ మండలమున పాండవులగుట్ట లున్నవి. ఇవి హిమాలయములకంటె ప్రాచీనములైన యిసుకరాతి గుట్టలు. వాని గుహలలో ఆదిమమానవులును తరువాతి తరములవారును వ్రాసిన చిత్రములు 1990లో వెలుగులోనికి వచ్చెను. అడవిదున్న, జింక, పులి మొదలగు మృగములు, విల్లు, బాణము, స్వస్తికము ఎఱుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ వన్నెలతో వ్రాయబడినవి. గోడలు లేని యీ చిత్రశాలకు కాపలావారును తక్కువ. సెడోనా చిత్రశాలలోని పటము చెడినచో చిత్రకారుడు మఱియొకటి వ్రాయవచ్చును. ఇచ్చటి చిత్రకారుడు మరల రాడు. అట్టి గోడపై మేకుతో తనపేరు గీకువాడు, తనపేరు నిలుపుకొనుటలేదు. వేలయేండ్లు నిలిచినదానిని చెఱుపుచున్నాడు.

ఈ విషయమున ఆరిజోనా రాష్ట్రమే యొక పాఠము నేర్పినది. అచ్చట సెడోనాకు తూర్పున శిలారణ్య మను జాతీయోద్యాన మున్నది. చెట్లు రాయిగా మాఱిన ప్రదేశ మది. మలేరి పొరలును అచ్చటి పొరలును ఇంచుమించుగా నొకే కాలమువి. పారాసూకస్ వంటి పొడవుమూతి జంతువుల యెముకలు అచ్చటను దొరకినవి. ఖండములు కలిసియున్న కాలమున ఆ ప్రాణులు రెండు సీమలలోను తిరుగుటలో వింత లేదు. చూడవచ్చినవారు ఒక్కొక్క రాతిముక్కను జేబులో వేసికొనిపోవుచుండగా, 1906లో ఆ దేశాధ్యక్షుడు థియొడార్ రూజ్వెల్టు దానిని రక్షితప్రదేశముగా ప్రకటించెను. 1962లో అది జాతీయోద్యానమయ్యెను. రాయి తీసికొనిపోవుట చట్టవిరుద్ధము. అయినను కొందఱు తీసికొనిపోయిరి. వారిలో అనేకులు పిదప పశ్చాత్తాపపడి, క్షమింపుడని జాబులు వ్రాసి, రాళ్లను తపాలాలో త్రిప్పి పంపుచున్నారు. కాని ఆ రాళ్లను మరల యథాస్థానమున పెట్టుటకు వీలులేదు. ఏ రాయి యెచ్చటిదో యెవరికిని తెలియదు. తప్పుచోట పెట్టిన రాయి శాస్త్రజ్ఞునికి అబద్ధము చెప్పును. కావున ఆ రాళ్ల నన్నిటిని దారిప్రక్క నొక కుప్పగా పోసియుంచిరి. ఆ కుప్పకు అంతరాత్మరాశి యని పేరు. ధనము తిరిగి యిచ్చినచో అప్పు తీఱును. రాయి తిరిగి యిచ్చినను అప్పు తీఱదు.

చెన్నూరు సీమలోను ప్రతి వానకాలమున వాగుగట్లు విఱిగి క్రొత్త యెముకలు, క్రొత్త రాతిమ్రానులు బయటపడవచ్చును. వానిని మొట్టమొదట చూచువారు కలకత్తా పండితులు కారు. పొలము దున్ను రైతు, పశువులను కాయువాడు, బడికి పోవు బాలుడు చూతురు. బరువుగా నుండి, ఎముకవలె గుల్లతనము గల రాయి కనబడినచో దానిని పెకలింపరాదు, పగులగొట్టరాదు. అది యున్న చోటును గుర్తుంచుకొని, చుట్టునున్న మట్టి రంగును, ప్రక్కనున్న రాళ్లను గమనించి వ్రాసికొనవలెను. ఛాయాచిత్రము తీసినచో మఱియు మంచిది. పిదప ఉపాధ్యాయునకు చెప్పవలెను. ఉపాధ్యాయుడు హైదరాబాదులోని భూవిజ్ఞాన సర్వేక్షణ కార్యాలయమునకు తెలుపవచ్చును. యామనపల్లి పేరు లోకమున కెక్కుటకు కారణ మెముకలు చెల్లాచెదరు కాకముందే తెలిసినవారి కంట పడుటయే.

విహారయాత్ర ముగిసినవాడు ఇంటికి ఏదో యొకటి తెచ్చుకొనగోరుట సహజము. ఈ యెఱ్ఱరాతి సీమనుండి సకినములు తెచ్చుకొనవచ్చును. రొట్టెరుచిని జ్ఞాపకము చేసికొనవచ్చును. చూచిన చిత్రమును కాగితముపై గీచి తెచ్చుకొనవచ్చును. వాగుగట్టున నేర్చిన విషయమును నలుగురికి చెప్పవచ్చును. రాయిని మాత్రము అచ్చటనే యుంచి రావలెను. దానిలో వ్రాసియున్నదానిని చదువువా రింకను పుట్టవలసియున్నారు.